లోపలి చీటీ

ఈ ప్రయాణం గురించి రాయకూడదనే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఎక్కడికి వెళ్ళొచ్చినా మా కాకినాడ మాసపత్రికకు నాలుగు పేజీలు రాసి పంపడం నాకు అలవాటు. కాశీ వెళ్ళినా, కొండలెక్కినా, పడవెక్కినా ఆ నాలుగు పేజీల్లో తెలివైన మనిషిని నేనే. ఈసారి అలా కుదరలేదు. పైగా దారిలో రాసుకున్న నోటుపుస్తకం వానలో నాని అక్షరాలన్నీ ఒకదానిమీదొకటి పడిపోయాయి. ధరలు అయిదో పదో అటూ ఇటూ అయితే క్షమించండి. మిగతాదంతా బాగానే గుర్తుంది, మరిచిపోదామన్నా పోయేట్టు లేదు.

ఈసారి నా వెంట మా తోడికోడలు వసంత వచ్చింది. మా మరిది భార్య. మా ఇంటికి కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయినా అన్నవరం దాటి ఎరగదు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఊరూరికీ పార్సిళ్ళు పంపుతుంది. నేను ఆఫీసుకు పోయి వస్తాను, సెలవు దొరికితే సంచీ తగిలించుకుని ఊళ్ళు తిరుగుతాను. ఎవరి రాజ్యం వాళ్ళది. ఆవిడ నా రాజ్యంలోకి అడుగుపెట్టడం ఇదే మొదలు.

బయలుదేరే ముందు

మా అత్తగారు పుట్టి పెరిగింది హైదరాబాదు పాతబస్తీలో, లాల్‌దర్వాజాలో. పెళ్ళయి కాకినాడ వచ్చి యాభై ఏళ్ళు దాటినా, కోపం వస్తే ఆ మాటలే వస్తాయి. నిరుడు మోకాలి ఆపరేషన్‌కు ముందు లాల్‌దర్వాజా అమ్మవారికి చీర పెడతానని మొక్కుకున్నారు. కాలు నయమైంది గానీ రైలెక్కేంత ధైర్యం రాలేదు. అందుకని మా ఇద్దరినీ పంపారు.

మా ఇంట్లో ఏది కొన్నా ఇద్దరు కోడళ్ళకూ ఒకేలా కొనాలి. గాజులైనా, గిన్నెలైనా, దీపావళి చీరలైనా అంతే. ఈ మొక్కు చీరలూ అలాగే వచ్చాయి. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, ఒకే కొట్టు సంచీలో ఒకే మడత. దేవుడి గదిలో కూర్చోబెట్టి చెరొకటి చేతికిచ్చి, కొత్తది కొత్తగానే చేరాలని, తడిసిన చీర అమ్మవారికి పెట్టరని గట్టిగా చెప్పారు. పెద్దదాన్ని కాబట్టి నేనే ముందు పెట్టాలన్నారు. ఆ మాటకు నేను పొంగిపోతుండగానే వసంత వైపు తిరిగి, "అక్కని కాస్త చూసుకోవే" అన్నారు. ఇరవై ఏళ్ళు దేశం తిరిగిన నన్ను అన్నవరం దాటని ఆవిడ చూసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

దాచుకోవడం దేనికి, చెప్పేస్తాను. ఆపరేషనైన దగ్గర్నుంచి అత్తగారు ఏం కావాలన్నా ముందు వసంతనే పిలుస్తున్నారు. మందుల డబ్బా ఆవిడ దగ్గరే, బీరువా తాళాలు ఆవిడ దగ్గరే. ఇంటికి పెద్దకోడల్ని నేను, ఇంట్లో మొదటి పిలుపు మాత్రం ఆవిడకు. ఈ ప్రయాణం నాకు తెలిసిన విద్య. దీన్ని చక్కగా ముగించుకొస్తే అత్తగారి నోట మళ్ళీ నా పేరు ముందుకు వస్తుందని నా ఆశ. అంతకు మించి ఏ పుణ్యమూ నేను కోరుకోలేదు.

అందుకే నాలుగువేల అయిదువందలు పోసి కొత్త సంచీ కొన్నాను. చుక్క నీరు దూరదని కొట్టువాడు దానిమీద చెంబుడు నీళ్ళు పోసి మరీ చూపించాడు. వసంతేమో కొడుకు కాలేజీకి వాడి పారేసిన పాత సంచీ తెచ్చుకుంది. జిప్పు ఊడిపోతే పిన్నీసు పెట్టింది. దాని లోపల బియ్యం బస్తాలో ఉండే ప్లాస్టిక్ సంచీ పరిచి, ఒక్కో జత బట్టలూ పచ్చళ్ళ పార్సిల్‌కు వాడే మందపాటి కవర్లలో పెట్టి, గాలి తీసి, మూతి రెండు మడతలు వేసి రబ్బరుబ్యాండు బిగించింది. ప్రతి కవరుకూ పేరు రాసిన చీటీ. గొడుగుకు, చెప్పులకు, మంచినీళ్ళ సీసాకు ఎర్రదారం ముడి. మనం మొక్కుకు వెళ్తున్నామా, పార్సిల్లో వెళ్తున్నామా అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకుంది.

రైల్లో

రైల్లో పైకి చూస్తే అన్నీ నల్ల సంచీలే, నాదీ నల్లదే. తెల్లారి కాచిగూడ దగ్గర పడుతుండగా ఎదుటి బెర్తు పెద్దాయన తనదనుకుని నా సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళిపోయాడు. నేను ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాను. వసంత వెళ్ళి, అయ్యా, మా దానికి ఎర్రదారం ఉంటుంది చూడండి అంది. చూస్తే నిజంగానే నా సంచీ పట్టీకి ఎర్రదారం ముడి ఉంది. నాకు తెలియకుండా ఎప్పుడు కట్టిందో కట్టింది. పెద్దాయన నొచ్చుకుని, మీ ఇద్దరిలో సంసారం తెలిసిన మనిషి ఈవిడేనమ్మా అని వసంతను చూపించి దిగిపోయాడు.

అంతకుముందు రాత్రి భోజనాల వేళ కూడా ఇంతే. పక్క బెర్తుల ఆడవాళ్ళు ఆ కవర్లు చూసి ఆశ్చర్యపోతుంటే వసంత తన వ్యాపార రహస్యం చెప్పింది. పార్సిల్ పైన ఎంత బాగా రాసినా వానకు పోవచ్చు, చిరిగిపోవచ్చు, అందుకని లోపల ఇంకో చీటీ పెడుతుందట. పైచీటీ పోయినా లోపలి చీటీ ఇల్లు చేరుస్తుందట. అందరూ శ్రద్ధగా విన్నారు. నేను మాత్రం కిటికీలోంచి చీకటి చూస్తూ కూర్చున్నాను. ఆ ఒక్క మాటా చెవిన పెట్టి ఉంటే ఈ కథనం రాయాల్సిన పని ఉండేది కాదు.

స్టేషన్ బయట వాన దంచుతోంది. ఆటో కోసం నిలబడ్డప్పుడు ఎవరూ చూడకుండా ఆ ఎర్రదారం తెంపి కాలువలో పారేశాను.

లాల్‌దర్వాజా, బుధవారం

ఆటోవాడు రెండువందల యాభై అడిగాడు. నేను నా పుస్తకాల హిందీలో బేరం మొదలుపెడితే అతను తెలుగులోనే, వానల గంతే అమ్మా అన్నాడు. సంచీలు రెండూ సీటు వెనక పెట్టాడు. అక్కడ పైకప్పు రెక్సిన్ చిరిగి ఉందనీ, చక్రం చిమ్మే నీళ్ళన్నీ అటే వస్తాయనీ దిగాక గాని తెలియలేదు.

మేము దిగింది బాలమణిగారింట్లో. అత్తగారి చిన్ననాటి స్నేహితురాలి కూతురు. అరవై దగ్గర పడుతున్నా మెట్లు పరుగున ఎక్కుతుంది. సన్న గల్లీలో పాత ఇల్లు, మేడమీద అద్దెవాళ్ళు ఖాళీచేసిన గది మాకిచ్చింది. బోనాలు దగ్గరపడటంతో గల్లీ అంతా వేపమండలు కట్టారు. మా ఊళ్ళో గడపకు మామిడాకులు కట్టినట్టు ఇక్కడ వేపాకు. పక్కింటివాళ్ళు పేరడగకముందే తిన్నరా అని అడుగుతారు. మా కాకినాడలో ముందు ఎవరి తాలూకో కనుక్కుని గాని మంచినీళ్ళివ్వం.

"గిట్ల తడిసి వచ్చిన్రేంది? ముందుగాల తలలు తుడుసుకోన్రి" అని బాలమణి తువ్వాళ్ళు తెచ్చింది. తుడుచుకుని సంచీలు విప్పాం. నా నాలుగువేల అయిదువందల సంచీ అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళున్నాయి. బయటి నీళ్ళు లోపలికి వచ్చిన దారిన బయటకు పోకుండా మాత్రం అది చక్కగా ఆపింది. లంగాలు, జాకెట్లు, నోటుపుస్తకం, మందులు అన్నీ నానిపోయాయి. వసంత పాత సంచీ పైన అంతకంటే ఎక్కువే తడిసింది. లోపల కవర్లు ఒక్కొక్కటే తీసి పరిస్తే, వాటిలో బట్టలు ఇస్త్రీ మడత చెదరలేదు. బాలమణి ఒక కవరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, ఇరుగుపొరుగు ఇద్దరిని కేకేసి మరీ చూపించింది. కాకినాడ కోడలు పనిమంతురాలని గల్లీ అంతా అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది. ఏ కోడలో అడగాల్సిన పని ఎవరికీ రాలేదు. నా సంచీలో తడవకుండా వచ్చింది నా కడుపుమంట ఒక్కటే.

చీర మాత్రం అందరి ముందూ తీయలేదు. నాది బట్టల పైన పెట్టుకున్నాను, బాగానే ఉందని చూడకుండానే వసంతకు చెప్పాను. సాయంత్రం ఆవిడ కిందికి వెళ్ళి బాలమణితో కలిసి మక్క గారెలు వేస్తుంటే తలుపు దగ్గరికి వేసి చూశాను. చీర అడుగు మడత తడిసింది. అంచు ఎరుపు ఆకుపచ్చలోకి జానెడు మేర దిగిపోయింది. తువ్వాలుతో అద్దాను, ఊదాను. దిగిన రంగు మళ్ళీ వెనక్కి పోతుందా.

అప్పుడు చేసిన పని ఇది. వసంత చీర కవరు తీసి, రబ్బరుబ్యాండు విప్పి, ఆవిడ చీర నా కొట్టు సంచీలో, నా చీర ఆవిడ కవరులో పెట్టాను. పైన వసంత అని రాసిన చీటీ ఎక్కడిదక్కడే ఉంచాను. గాలి తీసి, ఆవిడ వేసినట్టే మూతి రెండు మడతలు వేశాను. ఆ వేళకు నాకు అనిపించింది ఒక్కటే. ఒక్కసారి, ఒక్క విషయంలో ఆవిడది తడవాలి, నాది పొడిగా ఉండాలి.

కింద గారెలు వేడివేడిగా ఉన్నాయి. పచ్చి మొక్కజొన్నల తీపి, పచ్చిమిరప కారం, పంటికింద ధనియాలు. మా వైపు గారె అంటే మినప్పప్పే. వసంత నాకోసం కరకరలాడేవి ఏరి పక్కన పెట్టింది. ఆరు తిన్నాను, ఆవిడ వైపు చూడకుండా.

మాదన్నపేట, గురువారం

పొద్దున్నే నా తడిబట్టలు కంపు కొడుతుంటే బాలమణి గల్లీ చివర బట్టలుతికే ఐలయ్యను పిలిపించింది. డెబ్భై ఏళ్ళుంటాయి. మూట విప్పి, ఒక్కో బట్ట అంచు తిరగేసి, నల్లజీడి గింజను సూదితో గుచ్చి ఆ రసంతో రెండు చుక్కలు, ఒక గీత పెట్టి సున్నం అద్దాడు. ఆ గుర్తు బట్ట చిరిగినా పోదట. నా బట్టలకూ, బాలమణి దుప్పట్లకూ ఒకటే గుర్తు పెడుతుంటే కలిసిపోవా అని అడిగాను.

"ఇంటికొక్క గుర్తే అమ్మా. మా బాపు నాటి నుంచి గంతే. మనిషికొకటి పెడితె ఇంట్ల లొల్లయితది" అన్నాడు. తన చేతిలో ఎవరి బట్టా ఇంటిదారి తప్పలేదని, ఏ అంగీ ఎవరిదన్నది ఆ ఇంటివాళ్ళు చూసుకుంటారని చెప్పాడు. వసంత ఆయన పక్కనే కూర్చుని గింజను ఎలా గుచ్చాలో నేర్చుకుంది. పోయేముందు ఆయన ఆమెకు నాలుగు గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. వేల మైళ్ళు ఎక్కువ తిరిగినదాన్ని నేను, గింజలు ఆవిడకు.

వాన తెరిపిచ్చాక మాదన్నపేట మార్కెట్‌కు వెళ్ళాం. రేపటి పూజకు పూలు, నిమ్మకాయలు కావాలి. గోంగూరను అక్కడ పుంటికూర అంటారు, కట్ట పది రూపాయలు. మా గోంగూరకంటే ఆకు చిన్నది. వసంత ఆ అమ్మే ఆమెతో ఎర్రకాడా తెల్లకాడా, దేంట్లో పులుపెక్కువ అని మాటల్లో పడి పావుగంట నిలబడింది. చివరికి ఆమె ఇంత పచ్చిమిర్చి కొసరు వేసి, అక్కా, మళ్ళ రాండ్రి అంది. నేను పక్క బండి దగ్గర కొత్తిమీర కొంటే కొసరు లేదు సరికదా, చిల్లర కూడా లేదన్నారు.

తిరిగి వస్తుంటే మళ్ళీ వాన. రోడ్డు పిక్కల లోతు పారింది. నా ఎడమచెప్పు కాలి నుంచి జారి, చూస్తుండగానే కూరగాయల తొక్కలతో కలిసి వెళ్ళిపోయింది. వసంత చెప్పులు దారంతో మడమకు కట్టి ఉన్నాయి. నూట ఇరవై పెట్టి రబ్బరు చెప్పులు కొనుక్కుని, ఒక టీ కొట్టు అరుగెక్కి ఇరవై రూపాయల ఇరానీ చాయ్ తాగాం. చాయ్ చిక్కగా ఉంది, ఉప్పుతీపి బిస్కెట్టు ముంచుకుంటే నోట్లో కరిగింది. అలాంటి చోట నేను సాధారణంగా గంట కూర్చుని అందరినీ పలకరిస్తాను. ఆ రోజు నా కళ్ళన్నీ వసంత సంచీ మీదే, మొక్కు చీర కవరును ఆవిడ అందులోనే వెంట తెచ్చుకుంది. ఆవిడ జేబురుమాలు కోసం చేయి పెట్టినప్పుడల్లా నేను బిస్కెట్టు నమలడం ఆపాను. చీర ఒకసారి చూసుకోవా అని కూడా అడిగాను, ఎందుకడిగానో నాకే తెలియదు. కవరు విప్పితే తేమ దూరుతుందక్కా, గుడిలోనే విప్పుదాం అంది. అంత నమ్మకంగా చెబుతుంటే ఆవిడ మీద ఇంకా కోపం వచ్చింది.

గుడి, శుక్రవారం

బోనాల ఆదివారం ఇసుక వేస్తే రాలదని బాలమణి మమ్మల్ని శుక్రవారం పొద్దున్నే తీసుకెళ్ళింది. అప్పటికే వరుస గల్లీ మలుపు దాకా ఉంది. పసుపు, వేపాకు, తడి మనుషుల వాసన కలిసి ఒకటే వాసన. గంటన్నరకు అమ్మవారి ముందుకు వచ్చాం. పెద్దకోడలినని నన్ను ముందు నిలబెట్టారు. చీర, గాజులు, పసుపుకుంకుమలు ఉన్న పళ్ళెం పూజారిగారికి అందించాను.

ఆయన చీర మడత విప్పారు. లోపలినుంచి చిన్న చీటీ ఒకటి జారి పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని తీసి, గోత్రనామాల చీటీ అనుకుని పైకి చదివారు. "వసంత. కాకినాడ. వసంత పేరు మీదనా అమ్మా?"

రైల్లో కిటికీలోంచి చూస్తూ నేను వినని మాట అప్పుడు వినిపించింది. వెనక్కి తిరగలేకపోయాను. తిరక్కపోయినా వసంతకు అంతా అర్థమైందని నాకు తెలుసు. పూజారిగారు ఆవిడ పళ్ళెం కూడా తీసుకున్నారు. ఆ చీర మడత విప్పగానే జానెడు ఎర్రమచ్చ బయటపడింది. గిది తడిసిందమ్మా, రంగు దిగింది, అమ్మవారికి పెట్టరాదు అని నెమ్మదిగానే అన్నారు. బాలమణి మచ్చ వంక, వసంత వంక మార్చి మార్చి చూసింది. కవర్లన్నీ గల్లీకి చూపించింది తనే కదా.

వసంత "నా దగ్గరే తడిసింది పంతులుగారూ, నేనే చూసుకోలేదు" అంది.

ఇక్కడ పాఠకులు నన్ను పొగడకుండా ఉండాలని నిజం రాస్తున్నాను. నేను పశ్చాత్తాపంతో నోరు తెరవలేదు. తప్పు తనమీద వేసుకుని, ఆ మంచితనం కూడా ఈవిడే కొట్టేస్తోందే అని తెరిచాను. బట్టలు పొడిగా ఉంచుకోవడం ఆవిడకే వచ్చు, కొసరు ఆవిడకే దొరికింది, గింజలు ఆవిడకే ఇచ్చారు. త్యాగం కూడా ఆవిడకే ఇచ్చి నేను చేతులూపుకుంటూ ఇంటికి పోవాలా? "ఆ తడిసింది నాది. నేనే మార్చాను" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. వరుసలో వాళ్ళు కూడా విన్నారు.

బాలమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏమో. పూజారిగారికి ఇలాంటివి కొత్తకాదు కాబోలు, మరి ఈ ఒక్క చీర ఎవరి పేరు మీద పెట్టమంటారు అని అడిగారు. నేను వసంత పేరు చెప్పబోయాను. వసంత మా అత్తగారి పేరు చెప్పింది. అదే సరైన పేరు. నాకెందుకు తోచలేదో అని అప్పుడు కూడా ఏడుపొచ్చింది.

నయాపూల్, అదే మధ్యాహ్నం

రెండో చీర బాకీ ఉండిపోయిందని నేనే పట్టుబట్టి వసంతను నయాపూల్ వైపు తీసుకెళ్ళాను. దారంతా ఆవిడ మాట్లాడలేదు. తిడితే బాగుండేది. తిట్లకు జవాబులు నా దగ్గర బోలెడున్నాయి. కోర్టు నుంచి వచ్చే నల్లకోట్ల మధ్యనుంచి, గొడుగుల మధ్యనుంచి నడిచి ఒక చీరల కొట్టు మెట్లెక్కాం. గద్దెమీద ఆయన పదిహేను ఆకుపచ్చ చీరలు మా ముందు గుమ్మరించి, ప్రతిదానికీ "రంగ్ కీ గ్యారంటీ, అమ్మా" అంటున్నాడు. పధ్నాలుగువందల యాభై దగ్గర ఒకటి కుదిరింది.

కొనే ముందు అత్తగారికి చెప్పడం న్యాయమనిపించింది. ఫోను స్పీకరులో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. తడిసిందని, మార్చానని, గుడిలో బయటపడిందని.

"ఇంకోటి కొనకు అమ్మాయ్. నేను మొక్కింది ఒక్క చీరనే" అన్నారు. "నీ సంచీ సంగతి నాకు తెల్వదా? ఒకటి తడిసినా ఒకటుంటదని రెండు పంపిన."

కొట్టాయనకు తెలుగు బాగానే వచ్చనుకుంటాను, తలవంచుకుని చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. వసంత ఆపుకోలేక నవ్వేసింది. గుడి దాటాక ఆవిడ నోట అదే మొదటి చప్పుడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. ఇద్దరినీ సమానంగా చూసే ఇల్లనుకుని నేను మురిసిపోతుంటే, రెండో చీర నా మీద అపనమ్మకానికి కట్టిన చీర. ముందు పెట్టమన్నది నన్నే, నమ్ముకున్నది మాత్రం ఆవిడ కవరును.

కొట్టు చూరు కింద వానకు నిలబడ్డాం. ఏడుస్తున్నావా అని అడగకుండా వసంత గొడుగు నా వైపు వంచింది. ఎక్కడ నేర్చావు ఈ సర్దుడంతా, అన్నవరమేగా నువ్వు చూసింది అని కసిగానే అడిగాను.

"నీ దగ్గరేనక్కా" అంది. "నువ్వు ఊళ్ళు తిరిగొస్తుంటే నాకు కడుపు మండిపోయేది. పత్రిక వస్తే పొయ్యి దగ్గర నిలబడే చదివేసేదాన్ని. ఏ ఊళ్ళో తడిశావో, ఏ స్టేషన్లో సంచీ మారిపోయిందో అన్నీ నాకు గుర్తే. ఎప్పుడైనా నేను వెళ్తే అలా కాకూడదని పద్దెనిమిదేళ్ళుగా మనసులో సర్దుకుంటూనే ఉన్నాను."

నన్ను చూసి కడుపు మండిన మనిషి ఒకరు మా వంటింట్లోనే ఉన్నారని ఇన్నేళ్ళూ తెలియదు. తెలిసి ఉంటే ఎంత హాయిగా ఉండేదాన్నో. కాసేపటికి, చీర నాది తీసుకుని పైచీటీ నాదే ఉంచావు, నా పేరున్న కవరు కాబట్టే తప్పు నామీద వేసుకున్నాను, ఆ చీటీ కూడా మార్చుంటే నేను నోరెత్తేదాన్నే కాదక్కా అంది. అది తిట్టో, ఓదార్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. పక్క బండి మీద వేడి మిర్చి బజ్జీలు నాలుగు నలభై, ఇద్దరం నిలబడి తిన్నాం. ఆ నాలుగు రోజుల్లో నేను ఇష్టంగా తిన్న తిండి అదే.

ఇంట్లో

శనివారం పొద్దున, మేము ఇంకా లాల్‌దర్వాజాలో ఉండగానే, ఐలయ్య ఉతికిన మూట తెచ్చాడు. మచ్చపడ్డ చీర కూడా బాలమణి ఆయనకు వేసిందట. మచ్చ సగమే పోయింది. లోపలి అంచున రెండు చుక్కలు, ఒక గీత. ఇక అది ఎవరికీ కొత్తచీర కాదు. ఒక్క ఇంటోళ్ళే గద, ఎవల చీరయితేంది అని బాలమణి దాన్ని మా ఇద్దరి మధ్యా పెట్టి పోయింది. వసంత వద్దంది, నేను తీసుకున్నాను. ఇప్పుడు ఇంట్లో కట్టుకుంటున్నాను. అత్తగారు మచ్చ చూసినప్పుడల్లా మొహం అటు తిప్పుకుని నవ్వుతారు. మందుల కోసం ఇప్పటికీ వసంతనే పిలుస్తారు. నాకు ఇప్పటికీ మండుతుంది.

కాకినాడ వచ్చిన మర్నాడు సంచీ కడిగి ఆరేద్దామని అంతా బోర్లించాను. అడుగున గట్టి అట్ట ఒకటి ఉంటుంది, నేనెప్పుడూ తీసి చూడలేదు. దానికింద పచ్చళ్ళ కవరు ఒకటి, అరచేతిలో సగం, మూతి రెండు మడతలు, రబ్బరుబ్యాండు. లోపల చీటీ. బయలుదేరక ముందే పెట్టి ఉండాలి, ఎర్రదారంతో పాటే. వసంత అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఆవకాయ సీసాల మీద ఊరంతా చూసినవే.

"ఈ సంచీ మా అక్కది. మా అక్క దారి తప్పదు, సంచీలే తప్పిపోతాయి. దొరికినవాళ్ళు నాకు కబురు చేస్తే ఎంత దూరమైనా వచ్చి తీసుకెళ్తాను. వసంత."

ఆ సంచీలో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలిచాయి. నా చీర తడిసింది, నా పుస్తకం తడిసింది. చీటీని కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. కింద వంటింట్లో ఆవిడ ఎవరితోనో పచ్చళ్ళ బేరం చేస్తున్న గొంతు వినిపిస్తోంది. చీటీని మళ్ళీ కవరులో పెట్టి, గాలి తీసి, రెండు మడతలు వేసి, అట్ట కింద ఉన్నచోటే పెట్టేశాను.